తిండిగింజ సరిహద్దు దాటేచోట: లెక్కల్లోనూ ల్యాబుల్లోనూ దాక్కున్న రాజకీయం

2012 జులైలో రోమ్‌లో, కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థలో ఒక ఓటింగ్ జరిగింది. అది ప్రభుత్వాన్ని ఎన్నుకోవడానికి కాదు, చట్టం చెయ్యడానికీ కాదు. పందులకు, పశువులకు కొవ్వు పట్టకుండా కండ పెరగాలని మేతలో కలిపే రాక్టోపమైన్ అనే మందు మాంసంలో ఎంత మిగిలితే ఫర్వాలేదో తేల్చడానికి. కిలో మాంసంలో 10 మైక్రోగ్రాముల దాకా ఉండొచ్చన్నది ప్రతిపాదన. అనుకూలంగా 69 దేశాలు, వ్యతిరేకంగా 67 దేశాలు ఓటేశాయి. రెండంటే రెండు ఓట్ల తేడాతో అది అంతర్జాతీయ ప్రమాణమైపోయింది.

మందు వల్ల హాని ఉందా లేదా అన్నది ల్యాబులో తేలాల్సిన సంగతి కదా, ఓట్లేసి తేల్చడమేమిటి అనిపిస్తుంది. నిపుణుల కమిటీ తన లెక్కలు అప్పటికే అప్పజెప్పింది. దేశాలు ఓటేసింది ఆ లెక్క తప్పా ఒప్పా అని కాదు. ఆ అంకె పుస్తకంలోకి ఎక్కితే రేపు ఎవరి మాంసాన్ని ఎవరు ఆపలేకపోతారన్న దాని మీద. అమెరికా ఆ మందును వాడనిస్తుంది. ఐరోపా సమాఖ్య, చైనా, రష్యా వద్దన్నాయి. వ్యవసాయం, తిండి, వ్యాపారం కలిసే చోట రాజకీయం తరచూ ఇలా అంకెల వేషంలోనే వస్తుంది. వార్తల్లో కనిపించే గొడవలు అర్థం కావాలంటే అంకె ఎంత అని అడిగితే చాలదు, దాన్ని ఎక్కడ నుంచి లెక్క కట్టారో చూడాలి.

‘ఆహార భద్రత’ అనే ఒక్క మాటలో రెండు సంగతులు

తెలుగులో ఒక చిక్కుంది. అందరికీ సరిపడా తిండి దొరకడాన్నీ ఆహార భద్రత అంటాం, తిన్న తిండి ఒంటికి హాని చెయ్యకపోవడాన్నీ ఆహార భద్రతే అంటాం. రేషన్ బియ్యం గురించిన చట్టానికీ, పాలలో కల్తీని పట్టుకునే సంస్థకూ పత్రికల్లో వాడే మాట ఇదే. ఈ వ్యాసం మట్టుకు మొదటిదాన్ని ఆహార భద్రత అని, రెండోదాన్ని ఆహార సురక్షత అని పిలుస్తుంది.

ఎందుకంటే వ్యాపార నియమాల్లో ఈ రెండూ వేర్వేరు ఒప్పందాల కిందికి వస్తాయి. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ మొదలైనప్పుడు వ్యవసాయ ఒప్పందం అని ఒకటి అమల్లోకి వచ్చింది. రైతుకిచ్చే సబ్సిడీలు, సుంకాలు, ప్రభుత్వ ధాన్య నిల్వలు దాని పరిధి. దానితోపాటే ఎస్‌పీఎస్ ఒప్పందం వచ్చింది. మనుషుల, జంతువుల, మొక్కల ఆరోగ్యం పేరుతో పెట్టే దిగుమతి ఆంక్షలు ఏ హద్దులో ఉండాలో అది చెబుతుంది. ఒకదానిలో గొడవ కూడికలు తీసివేతల మీద, రెండోదానిలో శాస్త్రం మీద.

సుంకాలు తగ్గితే గొడవ చోటు మార్చుకుంది

సుంకాలు తగ్గించుకోవడానికి దేశాలు 1947లో చేసుకున్న గాట్ ఒప్పందంతో కార్ఖానా సరుకుల మీద సుంకాలు విడతలవారీగా దిగివచ్చాయి. వ్యవసాయాన్ని మాత్రం పెద్ద దేశాలు చాలాకాలం పక్కన పెట్టుకున్నాయి. 1955లో అమెరికాయే తన వ్యవసాయానికి మినహాయింపు సంపాదించుకుంది. ఐరోపా 1962 నుంచి ఉమ్మడి వ్యవసాయ విధానం పేరుతో రైతుకు మంచి ధర హామీ ఇచ్చింది. రైతులు పండించారు, ప్రభుత్వాలు కొన్నాయి, గోదాముల్లో వెన్న కొండల్లా పేరుకుపోయింది. దాన్ని వదిలించుకోవడానికి ఎగుమతి సబ్సిడీ ఇచ్చి బయటి మార్కెట్లలో చౌకగా గుమ్మరించారు. నష్టపోయిన ఎగుమతి దేశాలు, ఆస్ట్రేలియా, బ్రెజిల్ వంటివి, 1986లో కెయిర్న్స్ గ్రూపుగా ఏర్పడ్డాయి. అదే ఏడాది మొదలైన ఉరుగ్వే రౌండ్ అనే ప్రపంచ వాణిజ్య చర్చల ఫలితమే వ్యవసాయ ఒప్పందం.

సుంకాలు పోయాయని కాదు. కెనడాలో కోటా దాటి వచ్చే వెన్న మీద సుంకం 298.5 శాతం. జపాన్‌లో కోటా దాటిన బియ్యానికి కిలోకు 341 యెన్లు. కానీ సుంకం పైకి కనిపించే గోడ, ఎత్తెంతో ఎవరైనా కొలవొచ్చు. అసలు పేచీలు కొలతకు సులువుగా దొరకనివాటి దగ్గరే వస్తాయి.

సబ్సిడీలకు రంగులు ఎందుకు వేశారు

వ్యవసాయ ఒప్పందం సబ్సిడీలను పెట్టెల్లో సర్దింది. వాడుకలో వాటికి రంగుల పేర్లు. పంట ధరను గానీ పండించే పరిమాణాన్ని గానీ ప్రభావితం చేసేది అంబర్ బాక్స్. మద్దతు ధర ఇందులోకి వస్తుంది, దీనికి పరిమితి ఉంది. వ్యాపారం మీద ప్రభావం లేదని, ఉన్నా బహు తక్కువని భావించేది గ్రీన్ బాక్స్. పరిశోధన, రైతుకు సలహాలు చేరవేసే విస్తరణ సేవలు, పంటతో ముడిపెట్టకుండా రైతు ఖాతాలో వేసే డబ్బు, పేదలకు ఆహార సాయం ఇందులో ఉంటాయి, వీటికి పరిమితి లేదు. రెంటికీ నడుమ బ్లూ బాక్స్ అని ఒకటుంది. ఉత్పత్తికి కళ్లెం వేసే షరతుతో ఇచ్చే డబ్బు అందులో పడుతుంది. 1992లో అమెరికా, ఐరోపా తమలో తాము కుదుర్చుకున్న బ్లెయిర్ హౌస్ ఒప్పందం నుంచి పుట్టిందది. తక్కిన ప్రపంచానికి పెట్టెల సంగతి ఆ తర్వాతే.

ఈ విభజన వెనక తర్కం ఉంది. పంటకు ధర హామీ ఇస్తే రైతు ఎక్కువ వేస్తాడు, మిగులు బయటి మార్కెట్లోకి వెళ్లి మరో దేశపు రైతు ధరను పడగొడుతుంది. ఏం పండించినా పండించకపోయినా ఇంత అని చేతికిస్తే ఆ ఒత్తిడి తక్కువ. ఐరోపా 2003 సంస్కరణలతో చేసింది ఇదే: ఖర్చు పెద్దగా తగ్గలేదు, పెట్టె మారింది. చేతిలో డబ్బున్న రైతు నష్టానికి వెరవడు, అప్పూ సులువుగా పుడుతుంది, కాబట్టి ఏ డబ్బూ పూర్తిగా ‘ప్రభావం లేనిది’ కాదని విమర్శకుల వాదన. రెండు వాదనల్లోనూ నిజముంది. కానీ ఖాతాలో నేరుగా డబ్బు వెయ్యడం ఖజానా బలంగా ఉన్న దేశానికి సులువు. లేని దేశానికి చేతిలో ఉన్న సాధనాలు ధర, సుంకమే. ఒప్పందం ఎక్కువ కట్టడి చేసింది వాటినే.

పరిమితులు ఎలా పెట్టారో చూస్తే ఇంకొంత తెలుస్తుంది. 1986-88లో భారీగా సబ్సిడీలిచ్చిన దేశాలు ఆ మొత్తాన్ని 20 శాతం తగ్గిస్తామన్నాయి, మిగిలింది వాటికి హక్కుగా ఉండిపోయింది. అమెరికాకు అలా దక్కిన పరిమితి సుమారు 1,910 కోట్ల డాలర్లు, ఐరోపా సమాఖ్యకు 7,200 కోట్ల యూరోలకు పైనే. అప్పట్లో ఇవ్వని, ఇవ్వలేని దేశాలకు అలాంటి ఖాతాయే లేదు. వాటికి మిగిలింది పంట విలువలో 10 శాతం. సంపన్న దేశాలకైతే పై ఖాతాకు తోడు మరో 5 శాతం. చైనా 2001లో చేరుతూ 8.5 శాతానికి ఒప్పుకుంది. విందులో ముందు ఎక్కువ తిన్నవాడికి రేపు కూడా పెద్ద విస్తరే అన్నట్టుంది ఈ ఏర్పాటు.

ఒకే పంట, మూడు లెక్కలు

ఇక్కడ కాసేపు ఆగాలి. ధాన్య నిల్వల గొడవంతా ఒక తీసివేత మీదే నడుస్తోంది. అర్థం కావడానికి ఒక ఊహాదేశాన్ని తీసుకుందాం.

ఆ దేశంలో లక్ష టన్నుల ధాన్యం పండింది, అంటే 10 కోట్ల కిలోలు. ప్రభుత్వం మద్దతు ధర కిలోకు 20 రూపాయలు. అందులో 30 వేల టన్నులు, అంటే 3 కోట్ల కిలోలు ప్రభుత్వం కొన్నది. ఈ ఏడాది ప్రపంచ మార్కెట్ ధర 22. ఒప్పందంలో రాసుకున్న 1986-88 నాటి ఆధార ధర 5.

పంట మొత్తం విలువ 200 కోట్లు, దానిలో 10 శాతం పరిమితి అంటే 20 కోట్లు. ఇప్పుడు సబ్సిడీ ఎంత?

మొదటి లెక్క: మద్దతు ధర నుంచి పాత ఆధార ధర తీసేస్తే కిలోకు 15. మద్దతు ధరకు అర్హత ఉన్న పంటంతా లెక్కలోకి తీసుకుంటే 150 కోట్లు. పరిమితికి ఏడున్నర రెట్లు.

రెండో లెక్క: తేడా అదే 15, కానీ ప్రభుత్వం నిజంగా కొన్న పంటకే. అప్పుడు 45 కోట్లు. ఇదీ పరిమితి దాటినదే, అయితే కొండకీ గుట్టకీ ఉన్నంత తేడా.

మూడో లెక్క: ఈ ఏడాది ప్రపంచ ధరతో పోల్చితే రైతుకు కిలోకు 2 తక్కువే అందింది. మొత్తం మీద మైనస్ 20 కోట్లు. అంటే సబ్సిడీ ఇవ్వడం మాట అటుంచి, రైతు దగ్గరే లాక్కున్నట్టు.

ఇవి నేను సరదాకి కల్పించిన తేడాలు కావు. ప్రపంచ వాణిజ్య సంస్థ సూత్రం 1986-88 ధరను గడ్డకట్టించి పెట్టింది, ద్రవ్యోల్బణానికి అందులో చోటు లేనట్టే. ‘అర్హత ఉన్న పంట’ అన్న మాటకు కొరియా గొడ్డుమాంసం కేసులో వచ్చిన తీర్పు మొదటి లెక్క వైపు మొగ్గింది. ప్రభుత్వం కొన్నంతే లెక్కించాలన్న వాదన నెగ్గలేదు. మూడో లెక్క, ఎక్కువగా సంపన్న దేశాల కూటమి అయిన ఓఈసీడీ వాడే పద్ధతికి దగ్గర. అది ఏ ఏటి సరిహద్దు ధరతో ఆ ఏడు పోలుస్తుంది.

నిజ జీవితంలో దీనికి నమూనా భారతదేశమే. 2018 మేలో అమెరికా ఒక లెక్క సమర్పించి, భారత్ బియ్యానికి పంట విలువలో 70 శాతానికి పైగా, గోధుమకు 60 శాతానికి పైగా మద్దతు ఇస్తోందని చెప్పింది. అవే పంటలకు భారత్ ఇచ్చిన లెక్కలు 10 శాతం లోపే ఉన్నాయి. ఎంత పంటను లెక్కలోకి తీసుకోవాలి, రూపాయల్లో వెయ్యాలా డాలర్లలో వెయ్యాలా అన్న చోట రెండూ విడిపోయాయి. ఇక ఓఈసీడీ లెక్కలోకి వస్తే, ఎగుమతుల మీద ఆంక్షల వల్ల దేశంలో ధరలు అణిగి ఉంటాయి కాబట్టి భారత రైతుకు మొత్తం మీద అందుతున్న మద్దతు సున్నాకు దిగువనే తేలుతుంది. ఒకే రైతు ఒక కాగితంలో విపరీతంగా సబ్సిడీ పొందినవాడు, ఇంకో కాగితంలో పన్ను కట్టినవాడు.

ధాన్యం నిల్వల మీద ఎవరి వాదన ఏమిటి

2013 డిసెంబరులో బాలిలో జరిగిన ప్రపంచ వాణిజ్య సంస్థ సమావేశంలో ఒక తాత్కాలిక రాజీ కుదిరింది, ‘పీస్ క్లాజ్’ అంటారు. అప్పటికే నడుస్తున్న ప్రభుత్వ నిల్వల పథకాలు పరిమితి దాటినా, కొన్ని షరతులు పాటిస్తే వాటి మీద కేసు వెయ్యరు. 2014 నవంబరులో, శాశ్వత పరిష్కారం దొరికేదాకా ఇది కొనసాగుతుందని స్పష్టం చేశారు. శాశ్వత పరిష్కారానికి పెట్టుకున్న గడువు 2017. ఆ గడువు దాటిపోయింది, 2024 అబుదాబి సమావేశంలోనూ ఏమీ తేలలేదు. ఈలోగా 2018-19 బియ్యానికి భారత్ ఈ రక్షణను వాడుకున్నట్టు ప్రకటించింది, అలా చేసిన మొదటి దేశం అదే. పంట విలువ 4,367 కోట్ల డాలర్లయితే మద్దతు సుమారు 500 కోట్ల డాలర్లు, 10 శాతం కంటే కాస్త ఎక్కువ.

నిల్వలు కావాలనే దేశాల మాట ఇది: దాదాపు నాలుగు దశాబ్దాల నాటి ధరతో నేటి ధరను పోల్చడం అర్థం లేని పని. అమెరికా పేదలకు తిండి కొనుక్కునే కార్డులిస్తే అది పరిమితి లేని గ్రీన్ బాక్స్. మరో దేశం రైతు దగ్గర ధాన్యం నిర్ణీత ధరకు కొని పేదలకు పంచితే, పంచిన భాగం సరే గానీ కొన్న ధరలోని తేడా అంబర్ బాక్స్. ఉద్దేశం ఒకటే, శిక్ష ఒకరికే.

ఎదుటివారి మాటనూ తీసిపారెయ్యలేం. పంచడానికి నిల్వ చేస్తే ఎవరికీ అభ్యంతరం లేదు, కానీ మద్దతు ధరతో పండిన మిగులు ఏదో ఒక దారిన ఓడ ఎక్కుతుంది. ప్రపంచ బియ్యం ఎగుమతుల్లో దాదాపు 40 శాతం వాటా ఉన్న దేశం విషయంలో అది చిన్న సంగతి కాదు. అక్కడి మద్దతు ధర థాయిలాండ్, పాకిస్తాన్ వంటి దేశాల రైతు అమ్ముకునే ధరను తాకుతుంది. పైగా ఎగుమతిదారుల్లో పేద రైతులున్న దేశాలూ ఉన్నాయి. ‘పేద దేశాలు ఒకవైపు, ధనిక దేశాలు ఒకవైపు’ అని వార్తల్లో కనిపించే గీత ఇక్కడ చెరిగిపోతుంది. భారత్, ఇండోనేషియా ఉన్న వర్ధమాన దేశాల బృందం జీ-33 నిల్వల వైపు ఉంటే, కెయిర్న్స్ గ్రూపులో ధనిక ఆస్ట్రేలియా పక్కన పరాగ్వే కూర్చుని ఉంటుంది.

పరాయి దేశపు రైతులకు డబ్బు కట్టిన అమెరికా

తిండి పంట కాకపోయినా పత్తి కథ చెప్పకుండా ఉండలేను. అమెరికా పత్తి సబ్సిడీల మీద బ్రెజిల్ 2002లో కేసు వేసి, 2005 నాటికి అప్పీలులోనూ గెలిచింది. అమెరికా పూర్తిగా మారలేదు. 2009లో ఎదురు సుంకాలు వెయ్యడానికి, మేధో హక్కుల మీద కూడా చెయ్యి వెయ్యడానికి బ్రెజిల్‌కు అనుమతి దొరికింది. అప్పుడు అమెరికా ఏం చేసింది? సబ్సిడీని వెంటనే ఎత్తెయ్యలేదు. బ్రెజిల్ పత్తి రైతుల కోసం ఏడాదికి 14.73 కోట్ల డాలర్ల చొప్పున కట్టడానికి 2010లో ఒప్పుకుంది. 2014లో మరో 30 కోట్ల డాలర్లతో గొడవ ముగించుకుంది. తన రైతులకు సబ్సిడీ కొనసాగించడానికి పరాయి దేశపు రైతులకూ సబ్సిడీ ఇచ్చిందన్నమాట. ఇదే పత్తి మీద 2003లో గొంతెత్తిన బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి దేశాలకు ఎదురు దెబ్బ కొట్టేంత మార్కెట్ లేదు. వాటికి అలాంటి చెక్కు రాలేదు.

అంత మొండితనం ఎందుకంటే ఓట్ల లెక్క వేరు. ఒక పంట మీద రక్షణ వల్ల 10 కోట్ల మంది వినియోగదారులు ఏడాదికి తలా 100 ఎక్కువ కడుతున్నారనుకోండి, మొత్తం 1,000 కోట్లు. అది 10 వేల మంది పెద్ద రైతులకు చేరితే తలా 10 లక్షలు. 100 పోయినవాడు వీధిలోకి రాడు. 10 లక్షలు పోయేవాడు రాజధానికి ట్రాక్టర్ తోలుకొస్తాడు.

హాని చేసే గుణం వేరు, హాని జరిగే అవకాశం వేరు

ఇక రెండో ఒప్పందం వైపు వద్దాం. ఒక పదార్థానికి హాని చేసే గుణం ఉండటం ఒకటి, మనం తినే మోతాదులో దానివల్ల హాని జరిగే అవకాశం ఎంతన్నది మరొకటి. బావి లోతుగా ఉండటం మొదటిది. దానికి గట్టు ఉందా, పిల్లలు అటు వెళ్తారా అన్నది రెండోది. అమెరికా వ్యవస్థ చాలావరకు రెండోదాన్ని చూస్తుంది. ఐరోపా కొన్ని పదార్థాల విషయంలో మొదటిది చాలు, ఆపేస్తాం అంటుంది.

ఎస్‌పీఎస్ ఒప్పందం ప్రకారం ఏ దేశమైనా తనకు ఎంత రక్షణ కావాలో తానే నిర్ణయించుకోవచ్చు. కాకపోతే ఆంక్షకు శాస్త్రీయ అంచనా ఆధారంగా ఉండాలి. కోడెక్స్ ప్రమాణాన్ని పాటిస్తే ఆ ఆంక్ష సబబైనదేనని ముందుగానే ఒప్పుకుంటారు. అంతకన్నా కఠినంగా వెళ్తే కారణం చూపాలి. ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 1963లో పెట్టిన కోడెక్స్ ఒకప్పుడు సాంకేతిక నిపుణులు కూర్చునే నిదానమైన చోటు. 1995 తర్వాత దాని అంకెలు కేసుల్లో ఆయుధాలయ్యాయి. రోమ్‌లో రెండు ఓట్ల కోసం అంత పెనుగులాట అందుకే.

హార్మోన్ మాంసం: గెలిచినా లోపలికి రాని సరుకు

పశువు తొందరగా పెరగడానికి హార్మోన్లు వాడిన మాంసాన్ని ఐరోపా 1989 నుంచి దిగుమతి చేసుకోవడం లేదు. కాదనడానికి ఆధారం లేదని అమెరికా, కెనడా 1996లో కేసు వేశాయి. 1998 జనవరిలో వచ్చిన అప్పీలు తీర్పును రెండు వైపులవారూ తమకు నచ్చినట్టు చదువుకుంటారు. అంతర్జాతీయ ప్రమాణం కన్నా ఎక్కువ రక్షణ కోరుకునే హక్కు ఐరోపాకు ఉందని, మెజారిటీ శాస్త్రవేత్తలు ఒప్పుకోని అభిప్రాయాన్నైనా, అది అర్హులైనవారిదైతే, ప్రభుత్వం అనుసరించవచ్చని అందులో ఉంది. అయితే ఈ వాడకం వల్ల ఈ హాని అని చూపే తగిన అంచనా ఐరోపా పెట్టలేదు కాబట్టి ఓడిపోయింది.

ఓడినా నిషేధం ఎత్తలేదు. 1999లో అమెరికా ఏడాదికి 11.68 కోట్ల డాలర్ల ఐరోపా సరుకు మీద 100 శాతం సుంకం వేసింది. ఆ జాబితాలో ఫ్రాన్స్‌లో గొర్రెపాలతో చేసే రోక్‌ఫోర్ జున్ను ఉంది. ఆ ఆగస్టులోనే ఫ్రాన్స్‌లో జోసె బొవె అనే గొర్రెల రైతు, తోటివారితో కలిసి మియో పట్టణంలో కడుతున్న మెక్‌డొనాల్డ్స్ భవనాన్ని ఊడదీశాడు. వాళ్లు జున్నుకు పాలు పోసే రైతులు, హార్మోన్ మాంసానికీ వారికీ సంబంధం లేదు. వ్యాపార శిక్షలు తప్పు చేసినవారి మీద కాక, రాజకీయంగా నొప్పి ఎక్కడ పుడుతుందో చూసి వేస్తారు.

చివరికి 2009లో దొడ్డిదారి రాజీ కుదిరింది. నిషేధం అలాగే ఉంటుంది, బదులుగా హార్మోన్లు వాడని మేలురకం మాంసానికి ఐరోపా సుంకం లేని కోటా ఇచ్చింది. 2019లో ఆ 45,000 టన్నుల కోటాలో 35,000 టన్నులు అమెరికాకు దక్కేలా సవరించారు. ఎవరు గెలిచారు? శాస్త్రం మీద అమెరికా, విధానం మీద ఐరోపా.

సాకును పట్టుకోవడం ఎలా

ఆరోగ్యం పేరుతో స్థానిక వ్యాపారులను కాపాడుతున్నారని ఎలా తెలుస్తుంది? మనసులు చదవలేం, పొంతన చూడొచ్చు. చేపల జబ్బులు వస్తాయంటూ ఆస్ట్రేలియా కెనడా నుంచి వచ్చే సాల్మన్‌ను ఆపింది. అంతే రిస్కు, లేదా ఎక్కువే ఉన్న, ఎరగా వాడే హెర్రింగ్‌ను, అక్వేరియం కోసం తెచ్చే బతికున్న చేపలను రానిచ్చింది. 1998 తీర్పు దాన్ని పట్టుకుంది. పక్షుల జ్వరం కారణంగా అమెరికా కోళ్ల ఉత్పత్తులను భారత్ ఆపిన కేసులోనూ 2015లో భారత్ ఓడింది. జబ్బు లేని ప్రాంతాలను విడిగా చూడకుండా దేశం మొత్తాన్ని మూసేసిందన్నది అందులో ఒక తప్పు.

ప్రతిసారీ ఆంక్ష పెట్టినవారే ఓడతారనుకోవడానికి లేదు. ఫుకుషిమా ప్రమాదం తర్వాత జపాన్ చేపల మీద కొరియా పెట్టిన ఆంక్షలు 2018లో తప్పన్నారు, 2019లో అప్పీలు విభాగం ఆ తీర్పును తిప్పికొట్టింది. చేపలో కొలిచిన అంకెలే కాక, అవి వచ్చిన చోటి పరిస్థితులూ చూడాలంది.

ల్యాబు తేల్చలేనివి

కొన్ని ఆంక్షలకు ఆరోగ్యంతో పనిలేదు. క్లోరిన్‌తో కడిగిన కోడిమాంసాన్ని ఐరోపా 1997 నుంచి ఒప్పుకోవడం లేదు. ఆ అవశేషాల వల్ల పెద్ద ముప్పు లేదని ఐరోపా ఆహార సంస్థే చెప్పింది. అయినా వద్దనడానికి కారణం, చివర్లో కడుక్కోవచ్చులే అన్న ధీమాతో కోళ్ల ఫారంలో శుభ్రత గాలికొదిలేస్తారన్న అనుమానం. పశువుల రక్తం, అవయవాలతో చేసిన మేత తిన్న ఆవుల పాల ఉత్పత్తులు వద్దని భారత్ ధ్రువపత్రం అడుగుతుంది. దాని వెనక ఉన్నది మత విశ్వాసం. అమెరికా దీన్ని శాస్త్రం లేని అడ్డుగోడ అంటుంది.

విలువలకు వాణిజ్య సూత్రాల్లో కిటికీ ఉంది, చిన్నది. సీల్ జంతువుల ఉత్పత్తుల మీద ఐరోపా నిషేధం కేసులో, ప్రజల నైతిక భావన సరైన కారణమేనని 2014లో ఒప్పుకున్నారు. నిషేధంలోని మినహాయింపుల్లో వివక్ష ఉందని మాత్రం తప్పుపట్టారు. విలువ అని చెబితే చాలదు, దాన్ని అందరి మీదా ఒకేలా అమలు చెయ్యాలి.

కఠిన ప్రమాణం బిల్లు ఎవరికి వస్తుంది

అఫ్లాటాక్సిన్ అనేది బూజు నుంచి పుట్టే విషం, కాలేయ క్యాన్సర్‌కు కారణం. మనుషులు నేరుగా తినే వేరుశెనగలో ఐరోపా పరిమితి కిలోకు 4 మైక్రోగ్రాములు, అమెరికాలో 20. ఐరోపా కఠిన ప్రమాణం వల్ల ఆఫ్రికా నుంచి అక్కడికి వెళ్లే ధాన్యాలు, ఎండు పండ్లు, వేరుశెనగ వంటి గింజల ఎగుమతులు 64 శాతం, అంటే 67 కోట్ల డాలర్లు తగ్గొచ్చని, తప్పే మరణాలు ఏడాదికి వంద కోట్ల మందిలో 1.4 అని ప్రపంచ బ్యాంకు పరిశోధకులు 2001లో అంచనా వేశారు. ఆ అంకె చాలా ప్రచారం పొందింది. తర్వాత నిజంగా జరిగిన వ్యాపారాన్ని పరిశీలించిన కొందరికి అంత ప్రభావం కనబడలేదు. కానీ ఎక్కువమంది మరచిపోయే సంగతి ఒకటుంది. ఎగుమతికి పనికిరాదని పక్కన పెట్టిన గింజ మాయమైపోదు, పండిన దేశంలోనే ఎవరో తింటారు.

అమ్మనంటే ఏం జరుగుతుంది

ఒప్పందాలు కొనుగోలుదారు కట్టే గోడల గురించి రాశాయి, అమ్మేవాడు తలుపేసుకుంటే ఏమిటన్నది పెద్దగా పట్టించుకోలేదు. కొరత వస్తే తాత్కాలికంగా ఎగుమతులు ఆపొచ్చు, ముందుగా చెప్పాలి, కొనే దేశాల సంగతి ఆలోచించాలి అన్నంతే. 2008లో దేశాలు ఒకదాని వెంట ఒకటి తలుపులు మూయడంతో బియ్యం ధర కొన్ని నెలల్లో రెట్టింపు దాటిపోయింది. 2022లో ఇండోనేషియా పామాయిల్‌ను కొన్ని వారాలు ఆపింది. 2023 జులైలో భారత్ బాస్మతి కాని తెల్ల బియ్యాన్ని ఆపి, 2024 సెప్టెంబరులో వదిలింది. లోపల వినియోగదారుడికి ధర దిగుతుంది, లోపలి రైతుకూ ధర దిగుతుంది, బయట కొనేవాడికి పెరుగుతుంది. ముగ్గురిలో ఎవరి ఓటు లెక్కలోకి వస్తుందో చెప్పక్కర్లేదు. 2022లో కుదిరింది ఒక్కటే: ప్రపంచ ఆహార కార్యక్రమం మానవతా సాయానికి కొనే ధాన్యాన్ని ఆపకూడదని.

న్యాయమూర్తులు లేని అప్పీలు

ఈ గొడవలన్నీ తీర్చాల్సిన అప్పీలు విభాగం 2019 డిసెంబరు నుంచి పనిచెయ్యడం లేదు. కొత్త సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకోవడంతో బెంచీలు ఖాళీ అయ్యాయి. తన పరిధి దాటి తీర్పులిస్తోందన్నది అమెరికా ఫిర్యాదు. దాంతో కేసు ఓడిన దేశానికి ఒక దారి దొరికింది. అప్పీలు చేస్తే వినేవారు లేరు, వినేదాకా తీర్పు అమలు కాదు. చక్కెర సబ్సిడీల మీద ఆస్ట్రేలియా, బ్రెజిల్, గ్వాటెమాలా వేసిన కేసులో 2021 డిసెంబరులో ఓడిన భారత్ ఆ వెంటనే అప్పీలు చేసింది.

అందుకే దేశాలు ఇప్పుడు ప్రాంతీయ ఒప్పందాల వేదికలకు వెళ్తున్నాయి. జన్యుమార్పిడి మొక్కజొన్నను తిండికి వాడకుండా మెక్సికో 2023లో ఇచ్చిన ఉత్తర్వు మీద అమెరికా వెళ్లింది అలాంటి చోటికే, 2024 డిసెంబరులో గెలిచింది. మెక్సికో దిగుమతి ఆంక్షలను ఉపసంహరించుకుంది. 2025 మార్చిలో తన నేల మీద జన్యుమార్పిడి మొక్కజొన్న విత్తకూడదని రాజ్యాంగంలోనే రాసుకుంది. దిగుమతి మాత్రం సాగుతోంది.